నిశ్శబ్దపు గది – ఒక అన్వేషణ చరిత్ర

ఒక ఇంటిలో బాలుడొకడు మృదంగము సాధన చేయుచుండును. ప్రక్క ఇంటిలో మరొక బాలుడు పరీక్షకు చదువుకొనుచుండును. ఇద్దరి కోరికయు న్యాయమైనదే. ఒకనికి నాదము కావలెను. రెండవవానికి నిశ్శబ్దము కావలెను. ఈ తగవు తీర్చుటకై ఖాళీగానున్న మోటారు గారేజిని సంగీతపు గదిగా మార్చి, గోడలకు గ్రుడ్ల అట్టలు, స్పాంజి పలకలు అంటించువారు అనేకులు కలరు. తీరా వాయించి చూచినచో గదిలోని ధ్వని మారును గాని, ప్రక్క ఇంటివాని బాధ తీరదు. ఖర్చు మాత్రము మిగులును. ఇట్లేల జరుగుచున్నది? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు చాల కాలము పట్టినది. ఆ కథను తెలిసికొందము.

కార్లైల్ మేడగది

థామస్ కార్లైల్ (1795–1881) ప్రసిద్ధ స్కాట్లాండు రచయిత. లండనులోని చెల్సీ ప్రాంతమున ఛైనీ రో అను వీధిలో కాపురముండెడివాడు. పొరుగువారి పియానో, కోళ్ల కూతలు, వీధి వాద్యములు ఆయనను మిక్కిలి బాధించెడివి. తుదకు 1853లో ఇంటిపైన ఒక ‘నిశ్శబ్దపు గది’ని కట్టింప మొదలిడెను. గోడలు రెండు వరుసలు. నడుమ గాలి ఖాళీ. వెలుతురుకై పైకప్పులో అద్దపు కిటికీ. ఇంత చేసినను ఫలితము విచిత్రముగా నుండెను. దగ్గరి శబ్దములు కొంత తగ్గినవి గాని, అంతవరకు గమనింపని దూరపు ధ్వనులు – నదిపై పడవల కూతలు, చర్చి గంటలు – వినవచ్చెను. ఆ గదిలోనే ఆయన ఫ్రెడరిక్ రాజు చరిత్ర రచనను సాగించి 1865లో ముగించెను. కాని కోరిన నిశ్శబ్దము మాత్రము లభింపలేదు.

కార్లైల్ ఊహ తప్పు కాదు. జంట గోడల సూత్రము నేటికిని నిలిచియున్నది. అయితే గోడ ఎంత మంచిదైనను, పలుచని అద్దము, కప్పులోని సందులు, గాలి వచ్చు త్రోవలు ధ్వనికి దారి యిచ్చును. కొలత లేని కాలమున ఏ భాగము ఎంత ధ్వనిని విడుచుచున్నదో చెప్పగలవారు లేరు.

సబైన్ దిండ్లు

కొలత 1895లో ప్రారంభమైనది. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫాగ్ మ్యూజియమునకు చెందిన ఉపన్యాసశాల కొత్తగా కట్టబడెను. అందులో పలికిన మాట అయిదు సెకండ్లకు పైగా మ్రోగుచుండెను. ఒక మాట ఆరకముందే పది మాటలు వచ్చి కలియుటచే ఉపన్యాసము అర్థమయ్యెడిది కాదు. దీనిని సరిచేయుడని అధ్యక్షుడు ఎలియట్, భౌతికశాస్త్ర అధ్యాపకుడగు వాలెస్ క్లెమెంట్ సబైన్‌ను కోరెను. అప్పటికి సబైన్ వయస్సు 27 సంవత్సరములు.

సబైన్ సాధనములు స్వల్పమైనవి: సెకండునకు 512 కంపనములు గల ఒక ఆర్గను గొట్టము, కాలమును నమోదు చేయు పరికరము, తన చెవులు. పగటి సందడి అడ్డుగానుండుటచే రాత్రివేళ పని చేసెను. సమీపమందలి సాండర్స్ థియేటరు నుండి కుర్చీల దిండ్లు తెప్పించి, శాలలో కొద్దికొద్దిగా పరచుచు, ధ్వని ఆరిపోవు కాలమును కొలిచెను. మరల వానిని తెల్లవారులోగా యథాస్థానమునకు చేర్పించెను. దిండ్లు పెరిగినకొలది మ్రోత తగ్గి, అయిదు సెకండ్లకు పైబడినది ఒక సెకండు చేరువకు వచ్చెను. 1898లో సూత్రము స్పష్టమైనది: ధ్వని ఆరిపోవు కాలము గది ఘనపరిమాణమునకు అనులోమముగను, గదిలోని మొత్తము శోషణమునకు విలోమముగను ఉండును. ఈ సూత్రము ననుసరించి రూపొందిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరువబడి, నేటికిని శ్రావ్యతకు పేరుగాంచియున్నది.

ఇచట ఒక విశేషమును గమనింపుడు. శోషణమునకు సబైన్ గ్రహించిన ప్రమాణమేమి? తెరచిన కిటికీ! కిటికీగుండా పోయిన ధ్వని తిరిగి రాదు గనుక, గది దృష్టిలో అది సంపూర్ణముగా శోషింపబడినట్లే. కాని వీధిలో నున్నవాని దృష్టిలో? ఆ ధ్వని యంతయు వాని చెవిని పడుచున్నది! కావున శోషణము వేరు, నిరోధము వేరు. గ్రుడ్ల అట్టలు నమ్ముకొన్నవారు చేయు పొరపాటు ఇదియే. స్పాంజి గదిలోని ప్రతిధ్వనిని తగ్గించును. గోడ దాటు ధ్వనిని ఆపుటకు బరువు కావలెను.

బరువు – బిగువు

ధ్వని గోడను దాటవలెనన్న గోడనే కదిలింపవలెను. బరువైన గోడ కదలుట కష్టము. చదరపు మీటరు గోడ బరువు రెట్టింపైనచో నిరోధము సుమారు 6 డెసిబెల్‌లు పెరుగును. కంపనముల సంఖ్య సగమైనచో అంతయే తగ్గును. అందువలననే వేణునాదము ఆగిన చోట మృదంగపు ఎడమవైపు గంభీరనాదము దాటిపోవును. రెండు ప్రక్కల గచ్చుపూసిన తొమ్మిది అంగుళముల ఇటుకగోడ సుమారు 50 డెసిబెల్‌ల ధ్వనిని ఆపగలదు.

కాని ఒక లెక్క చూడుడు. పది చదరపు మీటర్ల గోడలో, ఒక మీటరు వెడల్పు గల తలుపు క్రింద ఒక సెంటీమీటరు సందు ఉన్నదనుకొనుడు. సందు వైశాల్యము గోడలో వెయ్యవ వంతు. సందున పడిన ధ్వని అడ్డులేక బయటికి పోవును గనుక, మొత్తము శక్తిలో వెయ్యవ వంతు బయటపడును. అనగా 30 డెసిబెల్‌లకు మించిన నిరోధము అసాధ్యము. 50 డెసిబెల్‌ల గోడ కట్టిన శ్రమ ఆ సందులో పోయినది!

గారేజి స్టూడియో

గారేజి నుండి గొప్ప సంగీతము రాదనుకొనరాదు. గిటారు వాద్యకారుడు లెస్ పాల్ 1940 దశకమున హాలీవుడ్‌లోని తన ఇంటి గారేజినే స్టూడియోగా మార్చెను. ఎనిమిది గిటారు పాళ్లనూ తానే వాయించి, ఒకదానిపై నొకటి చేర్చిన రికార్డును 1948లో క్యాపిటల్ సంస్థ విడుదల చేసినది. కాని మోటారుకై కట్టిన గదికి పలుచని వెడల్పు తలుపు, తేలిక కప్పు సహజలోపములు. అందుచే నేటి నిర్మాతలు ‘గదిలో గది’ని కట్టుదురు. లోపలి గోడలు, కప్పు వెలుపలివానికి తగులవు. నేల రబ్బరు మెత్తలపై నిలుచును. గోడల నడుమ ఖాళీలో ఖనిజపు ఉన్ని నింపుదురు. సందులన్నియు మూయుదురు.

అన్ని సందులును మూసిన గదిలో మనిషికి గాలి యెట్లు? కార్లైల్ చిక్కు ఇదియే. దీనికై లోపల శోషక పదార్థము పరచిన, వంపులు గల గాలి గొట్టములను అమర్చుదురు. గాలి వంపులు తిరిగి వచ్చును. ధ్వని వంపువంపున క్షీణించును. ఈ ఏర్పాటు లేని మూసిన గదిలో సాధన చేయరాదు. అట్టలు, సాధారణ స్పాంజి సులభముగా అంటుకొనునవి కావున ప్రమాదము మరింత.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపవచ్చును. మ్రోగుచున్న అలారం గడియారమును చెక్కపెట్టెలో ఉంచి, మూత తీసియుంచి, లోపల దూది పరచుడు. వెలుపల శబ్దము అంతగా తగ్గదు. మూత బిగించుడు, తగ్గును. మూత క్రింద ఒక పెన్సిలు దూర్చుడు. శబ్దము మరల బయటపడును. ఇపుడు పెన్సిలు తీసి, పెట్టె క్రింద మడతపెట్టిన దుప్పటి వేయుడు. బల్ల మ్రోత ఆగును. శోషణము, బరువు, బిగువు, ఎడము – నాలుగు పాఠములును ఒక పెట్టెలో ఉన్నవి. వీనిని తెలిసి కట్టిన గదిలో ఒక బాలుడు మృదంగము వాయించుకొనవచ్చును. ప్రక్క ఇంటి బాలుడు చదువుకొననువచ్చును.