వంటింటి గోడకు రంగు ఎవరు ఎంచాలి?

ఇల్లు మంజూరైందని తెలిసిన రోజు నుంచి మన ఇళ్లలో చాలా విషయాలు మాట్లాడుకుంటాం. పునాది ఎంత లోతు తీయాలి, ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది, సిమెంటు ఎన్ని బస్తాలు పడుతుంది, బిల్లు ఎప్పుడు వస్తుంది. వంటగది గోడకు ఏ రంగు వేయాలన్న మాట మాత్రం చిట్టచివర, మేస్త్రీ అడిగితేనే వస్తుంది. చాలాసార్లు ఆయనా అడగడు. ఊరంతటికీ ఒకే డబ్బాలోంచి ఒకే రంగు వేసి వెళ్లిపోతాడు. సవరలమైన మనకు ఇది చిన్న విషయం కాదు. మన వంటింటి గోడకు ఒక చరిత్ర ఉంది. ఆ గోడకు మన్ను తెచ్చిందీ, పూసిందీ, ఎంత ఎరుపు ఉండాలో తేల్చిందీ మన ఆడవాళ్లే.

మన పాత ఇంట్లో వంటగది అని వేరే గది లేదు. ఇల్లంతా ఒకటే గది. రాయీ మన్నూ కలిపి కట్టిన గోడలు, పైన గడ్డి కప్పు. ఒక పక్క పొయ్యి, దాని పైన అటక. అటక మీద చోళ్లు, సామలు, కందుల విత్తనాలు. కప్పుకు వేలాడే మొక్కజొన్న పొత్తులు. పొగగొట్టం లేదు. పొగ గడ్డి సందుల్లోంచి మెల్లగా బయటికి పోయేది. పోతూ పోతూ విత్తనాలకు పురుగు పట్టకుండా, వెదురు పుచ్చిపోకుండా కాపాడేది. బయటి నుంచి వచ్చినవాళ్లు మసి పట్టిన కప్పును చూసి మురికి అన్నారు. అది మన విత్తనాలకు కాపలా. అయితే ఆ పొగే మన అమ్మల కళ్లనూ ఊపిరితిత్తులనూ పాడుచేసిందన్నది కూడా నిజం. రెండూ చెప్పుకోవాలి.

గోడకు ఎర్రమన్ను. మన కొండల మన్ను ఎర్రగా ఉండటానికి కారణం అందులోని ఇనుము. ఇనుప కత్తికి తుప్పు పడితే వచ్చే రంగు దానికి చుట్టమే. పసుపు మన్నులో ఉన్నదీ ఇనుమే, కాకపోతే అది నీటిని పట్టుకుని ఉన్న రూపం. పసుపు మన్నును బాగా కాలిస్తే ఆ నీరు పోయి ఎర్రబడుతుంది. మన్ను తవ్వి తెచ్చి, గులకరాళ్లు ఏరి, నానబెట్టి, పేడ కలిపి చేత్తో పూసేవాళ్లు. పేడలోని పీచు మన్ను బీటలు వారకుండా పట్టి ఉంచుతుంది. పొయ్యి గట్టును రోజూ అలకాలి. గోడలకు మాత్రం కందికొత్తల లాంటి పండగ ముందు. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మసి పడితే మళ్లీ పూయడమే.

ఆ ఎర్ర గోడ ఊరికే గోడగా ఉండలేదు. దాని మీద బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, సన్నటి పుల్లతో తెల్లటి బొమ్మలు వేసేవాళ్లు. ఇంట్లో జబ్బు తగ్గాలన్నా, పంట బాగా రావాలన్నా, చనిపోయిన పెద్దలను తలుచుకోవాలన్నా ఆ బొమ్మ పడాల్సిందే. ఎజ్జోడు చెప్పిన కబురుకు తగ్గట్టు అందులో మనుషులు, ఏనుగులు, నెమళ్లు, సూర్యచంద్రులు ఉండేవి. ఒడిశా వైపు మనవాళ్లు దీన్ని ఇడితల్ అంటారు. వెరియర్ ఎల్విన్ 1940ల్లో గంజాం, కోరాపుట్ కొండల్లోని సవర ఊళ్లు తిరిగి, 1951లో వచ్చిన గిరిజన కళల పుస్తకంలోనూ, 1955లో మన మతం గురించి రాసిన పుస్తకంలోనూ ఈ బొమ్మలను వివరించాడు. ఆ బొమ్మ పెద్దలు వచ్చి కూర్చునే ఇల్లు. అందుకే పొయ్యి, ధాన్యం, పెద్దలు, ముగ్గురూ ఒకే గదిలో ఉండేవాళ్లు. ఎరుపు లేకపోతే తెలుపు కనిపించదు. కాబట్టి గోడ రంగు అందం కోసమే కాదు, రాయడానికి పలకలాంటిది కూడా.

తెల్ల గోడ మన మధ్యకు బడితో, హాస్టలుతో, ఆఫీసుతో వచ్చింది. 1970ల మధ్యలో ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో ఐ.టి.డి.ఏ.లు ఏర్పడ్డాక సున్నం కొట్టిన కట్టడాలు కొండల్లో పెరిగాయి. తెలుపంటే సర్కారు, ఎరుపంటే గూడెం అన్న భావం కూడా వాటితోనే పెరిగింది. సున్నాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి విరిస్తే వచ్చిన సున్నం, గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. అందులో ఉన్న క్షారం వల్ల బూజు తొందరగా పట్టదు. చీకటి గదిలో వెలుతురు పెంచుతుంది. ఇది వంటింటికి పనికొచ్చే గుణమే. కానీ ఎరుపు వెనకబాటుతనమని, తెలుపు అభివృద్ధి అని మన పిల్లలకు ఎవరూ నోటితో చెప్పకుండానే ఆ గోడలు నేర్పాయి.

1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. తర్వాత వచ్చిన స్లాబు ఇళ్లలో గడ్డి కప్పు పోయింది. పొగకు దారి లేకుండా పోయింది. కట్టెల పొయ్యిని చిన్న సిమెంటు గదిలో పెడితే ఊపిరాడదు. అందుకే చాలామంది ఇంటి వెనక పాక వేసుకుని వంటను అక్కడికి మార్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. అదే 2016లో వచ్చిన గ్రామీణ ఆవాస్ యోజన, ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలని, అందులో శుభ్రంగా వండుకునే చోటు ఉండాలని చెప్పింది. కొండ సవరలతో సహా ఆదిమ తెగల కోసం 2023లో పి.ఎం. జన్‌మన్ మొదలైంది. ఇలా వంట మళ్లీ ఇంట్లోకి వస్తోంది. గట్టు, సింకు, అలమర ఉన్న వంటగది మన ఇళ్లలో మొదటి తరానిది. ఆ గోడ ఇప్పుడు ఖాళీగా ఉంది. దాన్ని ఏ రంగుతో నింపుతామన్నది మనం తేల్చుకోవాలి.

రంగుల కొట్టులో ఎర్ర ఆక్సైడ్ పొట్లం అమ్ముతారు. అది ఐరన్ ఆక్సైడే. మన కొండ మన్నుకు ఎరుపునిచ్చే పదార్థమే పొట్లంలో కట్టి మనకు అమ్ముతున్నారు. అది కొనడం తప్పు కాదు. నున్నటి సిమెంటు గోడ మీద మన్ను సరిగా నిలవదు, ఎండగానే పెచ్చులుగా రాలుతుంది. కాబట్టి మన రంగు కావాలంటే ఆక్సైడ్ కలిపిన సున్నమో, ఆ ఛాయలో దొరికే డిస్టెంపరో వాడుకోవచ్చు. అది మన రంగేనని తెలిసి కొనడం ముఖ్యం.

ఎంచేటప్పుడు పాత ఇంటి తెలివి పనికొస్తుంది. మన వంటగది చిన్నది, కిటికీ ఒకటే. కిటికీకి ఎదురు గోడకు తెలుపో లేత పసుపో వేస్తే పగలు లైటు వేయాల్సిన పని తగ్గుతుంది. పొయ్యి వెనక గోడ మీద నూనె, పసుపు చిందుతాయి. అక్కడ తుడవగలిగే రంగో, రెండు వరసల పలకలో ఉండాలి. గ్యాసు బండ అయిపోయి కట్టెలు వాడే రోజులు మనకు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఏటా మళ్లీ వేసుకోగలిగే సున్నమే మేలు. మసిని దాచే ముదురు రంగు వేస్తే మసి పోదు, కనపడదు, అంతే. కొత్త ప్లాస్టరింగు మీద వెంటనే రంగు వేయనివ్వకూడదు. నాలుగు వారాలైనా ఆరకపోతే పెచ్చులు లేస్తుంది. డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూడాలి. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. గోడ గీకి నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు అది చాలా అవసరం.

ఇవన్నీ కుదిరాక ఒక గోడను, కనీసం తలుపు పక్కన రెండు మూరల జాగాను, ఎర్రగా ఉంచుకుందాం. ఈ రోజు మన బొమ్మలు పట్నాల్లో గుడ్డల మీద, ఆఫీసు ప్రహరీల మీద కనిపిస్తున్నాయి. సంతోషమే. కానీ అవి పుట్టిన చోట, పొయ్యి పక్కన, మేస్త్రీ వేసిన మీగడ రంగు తప్ప ఏమీ లేకపోతే పిల్లలకు అవి ఎవరివో తెలియదు. గోడ మీద దేవుణ్ని పెట్టుకునే పద్ధతి కొందరి ఇళ్లలో మారింది. వాళ్లు పూజ కోసం కాకపోయినా, పంట కోసిన ఏడాది గుర్తుగానైనా గీసుకోవచ్చు.

ఉపాధ్యాయులుగా మేము చేయగలిగిన పని ఒకటుంది. ఏ గట్టున ఎర్రమన్ను, ఏ వాగు ఒడ్డున తెల్ల సుద్ద దొరుకుతుందో ముసలమ్మలకు తెలుసు. పిల్లలను వాళ్ల వెంట పంపి ఆ మన్నులను సీసాల్లో తెప్పించి, పేర్లు మన భాషలో రాయించి బడిలో పెట్టాలి. ఇక ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు చేయాల్సింది, మేస్త్రీ డబ్బా మూత తీయకముందే ఆ ఇంట్లో వండే మనిషిని పిలిచి, ఏ రంగు కావాలమ్మా అని అడగడం.