మారిన హద్దులు, మిగిలిన అంకెలు: ఉమ్మడి వరంగల్ నేపథ్యంలో గణాంక విద్య – కృత్రిమ మేధ

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాల స్థానంలో 31 జిల్లాలు ఏర్పడ్డాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఆనాడు అవతరించినవే. 1976లో స్థాపితమైన కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోని ఈ మూడు జిల్లాల చరిత్ర, కృత్రిమ మేధ కాలంలో దత్తాంశ విశ్లేషణను ఎలా బోధించాలన్న ప్రశ్నకు ఒక ముఖ్యమైన ఆధారాన్ని అందిస్తుంది.

ఈ ప్రాంతపు హద్దులు ఏనాడూ స్థిరంగా లేవు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనగామ నల్లగొండ జిల్లాలోని తాలూకా. తరువాత అది వరంగల్ జిల్లాలో చేరింది. నేటి మహబూబాబాద్ జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలు పూర్వం ఖమ్మం జిల్లాకు చెందినవి. భూపాలపల్లిలోని మహదేవ్‌పూర్, కాటారం మండలాలు కరీంనగర్ నుండి వచ్చాయి. 2019లో భూపాలపల్లి నుండి ములుగు విడివడింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా మారింది.

2011 జనగణన 2016లోను, ఆ తరువాతను జరిగిన మార్పులకు ముందటిది. అందులో వరంగల్ జిల్లా జనాభా 35,12,576. నేటి వరంగల్ జిల్లా ఆనాటి జిల్లాలో ఒక భాగం మాత్రమే. పేరు ఒకటే అయినందున ఈ రెండింటినీ ఒకే వరుసలో చేర్చితే, జనాభా హఠాత్తుగా పడిపోయినట్లు కనిపిస్తుంది. గణన విధానంలో తప్పు ఉండదు. దోషమంతా పోలికలోనే ఉంటుంది.

సంప్రదాయ గణాంక బోధనలో విద్యార్థి సగటు, విచలనం, సహసంబంధాలను చేతితో లెక్కించేవాడు. కంప్యూటర్ వచ్చాక ఆ శ్రమ సాఫ్ట్‌వేర్‌కు బదిలీ అయింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ప్రోగ్రాం రాయడం, ఫలితాన్ని వ్యాఖ్యానించడం కూడా యంత్రసాధ్యమయ్యాయి. అయితే పట్టికలోని ‘వరంగల్’ ఏ సంవత్సరపు వరంగల్ అన్న ప్రశ్న విద్యార్థి వేయనిదే, యంత్రం దానిని తనంత తానుగా లేవనెత్తుతుందన్న హామీ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో ఎదిగిన సి.ఆర్. రావు 1945 నాటి పరిశోధన, అంచనాకు ఉండే కచ్చితత్వపు హద్దును నిర్దేశించింది. ఆ గణితం నమూనా ఏ జనసముదాయానికి చెందినదో ముందే తెలుసునని భావిస్తుంది. ఆ సముదాయాన్ని గుర్తించడం విశ్లేషకుని బాధ్యత.

కావున పాఠ్యప్రణాళికలో మూడు మార్పులు అవసరం. మొదటిది, అంకె పుట్టుకను బోధించడం: ఎవరు, ఎప్పుడు, ఏ హద్దుల్లో, ఏ నిర్వచనంతో లెక్కించారో విద్యార్థి నమోదు చేయాలి. రెండవది, గ్రామస్థాయి నుండి పునర్నిర్మాణం. 2016లో కొత్త మండలాలు కూడా ఏర్పడినందున మండలాల మొత్తాలను కూడితే చాలదు. 2011 గ్రామ గణాంకాలతో నేటి జిల్లాను నిర్మించడం ప్రాజెక్టు కావాలి. మూడవది, మూల్యాంకనం. యంత్ర సహాయాన్ని నిషేధించడం కంటే, దాని సమాధానంలోని ఊహను పట్టుకొని మౌఖికంగా సమర్థించమని కోరడం ప్రయోజనకరం.

దీని ఫలితం తరగతి గదికే పరిమితం కాదు. మహబూబాబాద్‌లోని గిరిజన తండాలకు, భూపాలపల్లిలోని గనుల పరిసర గ్రామాలకు పాఠశాలలు, ఆసుపత్రులు ఎన్ని కావాలో నిర్ణయించేది జనాభా అంచనాలే. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణన, ఈ మూడింటినీ జిల్లాలుగా లెక్కించే తొలి జనగణన. ఆ అంకెలను 2011తో పోల్చే పని నేటి విద్యార్థులదే. హద్దుల చరిత్ర తెలియని విశ్లేషకుని చేతిలో వేగవంతమైన యంత్రం తప్పును మరింత వేగంగా వ్యాపింపజేస్తుంది.