జ్ఞాపకార్థపు బంగారు నాణెములు

జ్ఞాపకార్థం నాణెం కొట్టించడం నేటి ప్రభుత్వాలు కనిపెట్టిన వింత కాదు. శ్రీకృష్ణదేవరాయలు నెల్లూరు సీమలోని ఉదయగిరి దుర్గమును గజపతుల నుండి గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహమును హంపీకి తరలించి, 1515లో ఆలయమున ప్రతిష్ఠించినాడు. ఆ విజయానికి గుర్తుగానే బాలకృష్ణుని బొమ్మగల వరహాలు వేయించినాడని నాణెముల పరిశోధకులు చెబుతారు. ఒకవైపు వెన్నముద్ద పట్టుకొని కూర్చున్న చిన్నికృష్ణుడు, రెండవవైపు నాగరి లిపిలో రాయల పేరు. తూకం సుమారు 3.4 గ్రాములు. ఆంధ్రభోజుడు దానిపై తెలుగు అక్షరం వేయించలేదేమని మాకు కొంచెం కినుక! అంతకు అయిదువందల యేండ్ల ముందే తూర్పు చాళుక్యులైన శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల బంగారు నాణెములపై వరాహము చుట్టూ మన పాత లిపి వున్నది. అవి సముద్రం దాటిపోయి అరకాను, సయాము దేశములలో దొరికినవి. వలస మనుషులకే కాదు, కాసులకూ వున్నదన్నమాట.

రాయల వరహా గుర్తు కోసం పుట్టినా అంగడిలో చేతులు మారినది. నేటివి అట్లు కాదు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్.టి.రామారావు గారి శతజయంతి నాణెం హైదరాబాదు టంకశాలలో తయారైనది. వెల 100 రూపాయలని దానిపై వున్నా, దానితో ఎవరూ బియ్యం కొనరు. అది బంగారం కాదు. సగం వెండి, తక్కినది రాగి మొదలైన లోహములు. పెట్టెలో పుట్టి పెట్టెలోనే వుండేది నాణెమేనా అని మా సందేహం. అయినా కొని దాచుకొనే వారిని తప్పు పట్టలేము.

మాకు దిగులంతా పాతవాటి గురించే. విజయనగరం వారి వెంట, తరువాత మదుర నాయకుల కాలమున మన పెద్దలు పలువురు ఈ నల్లరేగడి సీమకు వచ్చినారు. నేడు కోవిల్పట్టిలో గాని, విరుదునగరంలో గాని, మన యింట పెండ్లి కుదిరితే అవ్వగారి కాసులపేరు కంసాలి కొలిమికి పోతున్నది. అతడు తూకం చూస్తాడు గాని బొమ్మ చూడడు. లక్ష్మీకాసులైతే మరల చేయించుకోవచ్చును. నడుమ కూర్చిన సవరన్లను మాత్రం కరిగించే ముందు భూతద్దంతో చూడండి. సవరను 7.98 గ్రాములు, 22 కారెట్లు. ఆ పాత సవరన్లలో మన దేశమున కొట్టినవి 1918 నాటి బొంబాయివి మాత్రమే. వాటిపై గుర్రపు కాళ్ల క్రింద, సంవత్సరపు అంకెలకు పైన, నేలగీత మీద ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం చీమ తలకాయంత వుంటుంది.