కొలత కంటే ముందే వచ్చిన మందు: నడివయసు పురుషుల హార్మోన్ చికిత్స చరిత్ర

నడివయసు దాటుతున్న పురుషుడికి ఒంట్లో సత్తువ తగ్గడం, లైంగికాసక్తి సన్నగిల్లడం, చేసే పని మీద మనసు నిలవకపోవడం ఏ కాలానికీ కొత్త కాదు. అయితే ఆ మార్పును వయసు తెచ్చినదిగా ఒప్పుకోవాలా, వ్యాధిగా గుర్తించి మందు వాడాలా అన్న ప్రశ్న వైద్యచరిత్రలో పదే పదే తలెత్తింది. ఆయుర్వేదం తన ఎనిమిది అంగాల్లో ఒకదాన్ని వాజీకరణానికి, అంటే పుంస్త్వాన్నీ సంతానశక్తినీ నిలబెట్టే చికిత్సకు కేటాయించగా, సుశ్రుత సంహిత ఆ సందర్భంలో మేక వృషణాలను పాలలో ఉడికించి వాడే విధానాన్ని కూడా చెప్పింది. వృషణాలకూ పురుషత్వానికీ సంబంధం ఉందన్న గ్రహింపు ఇంత పాతదైనా, ఎవరి శరీరంలో ఏది ఎంత తగ్గిందో తేల్చే సాధనం ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా వైద్యుడి చేతికి రాలేదు. మందు ముందు వచ్చి కొలత వెనకబడిన ఈ ఎడమే పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్‌తో చేసే నడివయసు చికిత్సను నేటికీ శాసిస్తున్నది.

ఆధునిక పరిశోధనకు తొలి మెట్టు 1849లో జర్మనీలోని గోటింగెన్ నగరంలో పడింది. అక్కడి శాస్త్రవేత్త ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు కోడిపుంజుల మీద చేసిన ప్రయోగంలో, వృషణాలు పూర్తిగా తీసేసిన పుంజులు కూత, పోట్లాట, పెట్టల మీద ఆసక్తి కోల్పోయి, తల మీది ఎర్రటి తురాయి కుంచించుకుపోయి కనిపించాయి. తీసిన వృషణాన్ని తిరిగి కడుపులో అమర్చిన పుంజులు మాత్రం ఎప్పటిలా పెరిగాయి. అమర్చిన వృషణానికి పాత నరాలతో సంబంధం లేదు కనుక, అది ఏదో పదార్థాన్ని రక్తంలోకి వదిలి శరీరమంతటినీ ప్రభావితం చేస్తున్నదని బెర్తోల్డ్ నిర్ధారించాడు. హార్మోన్ అన్న మాట పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందే దాని స్వభావాన్ని చూపిన ఈ ప్రయోగానికి ఆ రోజుల్లో దక్కవలసిన గుర్తింపు దక్కలేదు.

గుర్తింపంతా అంతకంటే చాలా బలహీనమైన మరో ప్రయోగానికి దక్కింది. 1889 జూన్ 1న పారిస్ జీవశాస్త్ర సంఘంలో, అప్పటికే శరీరధర్మ శాస్త్రంలో గొప్ప పేరున్న 72 ఏళ్ల షార్ల్ బ్రౌన్-సెకార్, కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని తన శరీరంలోకి ఎక్కించుకున్నాననీ, దానితో పోయిన బలం తిరిగి వచ్చిందనీ ప్రకటించగా, ఆ రసం కోసం ఐరోపాలోనూ అమెరికాలోనూ రోగులు ఎగబడ్డారు. కానీ ఆ రసంలో అంత శక్తి ఉండే వీలు లేదు. వృషణం టెస్టోస్టెరాన్‌ను తయారుచేసిన వెంటనే రక్తంలోకి వదిలేస్తుంది గాని నిల్వ ఉంచుకోదు. పైగా ఆ హార్మోన్ నీటిలో కరిగేది కాదు కనుక నీటితో తీసిన రసంలోకి పెద్దగా రాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసం తీసి 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అందులోని హార్మోన్ శరీరం మీద ఏ ప్రభావమూ చూపలేనంత స్వల్పం. అంటే ఆయన పొందిన ఉత్సాహం నమ్మకం ఇచ్చిన ఉత్సాహమే. నిజాయితీ గల మహా శాస్త్రవేత్త సైతం తన అనుభవాన్నే కొలతగా తీసుకుంటే ఎంత దూరం దారి తప్పగలడో ఈ ఉదంతం చూపినంత స్పష్టంగా వైద్యచరిత్రలో మరేదీ చూపదు.

ఆ తర్వాత శస్త్రచికిత్సల కాలం వచ్చింది. వియన్నాలో యూజెన్ స్టైనాక్ శుక్రవాహికను ముడివేస్తే వృషణంలో హార్మోన్ తయారీ పెరుగుతుందని వాదించాడు. నేటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు దగ్గరగా ఉండే ఈ శస్త్రచికిత్సను 1923లో సిగ్మండ్ ఫ్రాయిడ్, 1934లో ఐరిష్ కవి యేట్స్ చేయించుకున్నారు. పారిస్‌లో సెర్జ్ వొరొనాఫ్ 1920 నుంచి కోతి వృషణపు ముక్కలను మనుషులకు అతికించి ధనవంతుడయ్యాడు. పరాయి ప్రాణి కణజాలాన్ని మానవ శరీరం తిరస్కరిస్తుందన్న నేటి జ్ఞానంతో చూస్తే ఆ అతుకులు నిలిచే అవకాశమే లేదు.

మార్పు రసాయన శాస్త్రం నుంచి వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయంలో ఫ్రెడ్ కోచ్, ఆయన శిష్యుడు లెమ్యుయెల్ మెక్‌గీ 1927లో అక్కడి కబేళాల నుంచి తెచ్చిన సుమారు 18 కిలోల ఎద్దు వృషణాల నుంచి 20 మిల్లీగ్రాముల సారం రాబట్టారు. ఆ సారంలో శక్తి ఉందో లేదో తేల్చడానికి వారికి దొరికిన సాధనం మళ్లీ కోడే: వృషణాలు తీసేసిన పుంజుకు సారాన్ని ఎక్కించి, ముడుచుకుపోయిన తురాయి ఎంత పెరిగిందో మిల్లీమీటర్లలో కొలిచేవారు. నమ్మకంతో పెరగని తురాయి, బ్రౌన్-సెకార్‌కు లేని నిష్పక్షపాత సాక్షిగా నిలిచింది. 1931లో అడాల్ఫ్ బ్యూటెనాంట్ దాదాపు 15 వేల లీటర్ల పోలీసుల మూత్రం నుంచి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరాన్ అనే పురుష హార్మోన్‌ను వేరుచేశాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకూర్ బృందం సుమారు 100 కిలోల ఎద్దు వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల అసలు హార్మోన్‌ను స్ఫటికాలుగా తీసి టెస్టోస్టెరాన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో బ్యూటెనాంట్, స్విట్జర్లాండ్‌లో లియోపోల్డ్ రుజిచ్కా విడివిడిగా కొలెస్టరాల్ నుంచి దాన్ని కృత్రిమంగా తయారుచేసే మార్గాన్ని ప్రకటించారు. వారిద్దరికీ 1939 రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి ప్రకటించారు.

నోటితో తీసుకున్న టెస్టోస్టెరాన్‌ను కాలేయం చాలావరకు నాశనం చేస్తుంది కనుక, మందుల కంపెనీలు నూనెలో కలిపి కండరంలోకి ఇచ్చే ప్రొపియోనేట్ ఇంజెక్షన్‌ను, చర్మం కింద అమర్చే గుళికలను, నోటితో మింగే మిథైల్ టెస్టోస్టెరాన్‌ను రూపొందించాయి. వీటిలో చివరిది కాలేయానికి హాని చేస్తుందని తర్వాత తేలింది.

మందు చౌకగా దొరకడం మొదలయ్యాక అది ఎవరికి అవసరమన్న ప్రశ్న ముందుకొచ్చింది. దానికి అత్యంత నిష్ఠగా జవాబు వెతికిన వారు కార్ల్ హెల్లర్, గోర్డన్ మయర్స్. స్త్రీలలో రుతువిరతిలా పురుషులలోనూ ఒక దశ ఉంటుందని 1939లోనే ఆగస్ట్ వెర్నర్ లక్షణాల ఆధారంగా వాదించగా, వీరిద్దరూ 1944లో అమెరికా వైద్య సంఘ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో లక్షణాలు ఒక్కటే చాలవని చూపారు. వృషణాలు మందగిస్తే మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి వాటిని అదిలించడానికి గొనాడోట్రోపిన్లనే ప్రేరక హార్మోన్లను మరింతగా విడుదల చేస్తుంది. అవి మూత్రంలో పెరుగుతాయి. ఆ పెరుగుదల కనిపించిన వారికి టెస్టోస్టెరాన్ ఇస్తే లక్షణాలు తగ్గాయి. అవే లక్షణాలున్నా మూత్ర పరీక్ష మామూలుగా ఉన్నవారికి మందు పనిచేయలేదు, వారి బాధకు మూలం మానసికమైనది. పైగా నిజంగా హార్మోన్ లోపించిన వారు తక్కువేనని కూడా వారు చెప్పారు. ఈ రంగంలో అంతవరకు వచ్చిన వ్యాసాలన్నింటికంటే ఇది గొప్పది. కానీ 1945లో పాల్ డి క్రూఫ్ మందును కీర్తిస్తూ రాసిన ‘ది మేల్ హార్మోన్’ పుస్తకమే సామాన్య పాఠకులకు చేరింది.

ఆ ఉత్సాహానికి అడ్డుపడినది క్యాన్సర్ భయం. షికాగో విశ్వవిద్యాలయంలోనే చార్లెస్ హగిన్స్ 1941లో, వృషణాలు తొలగిస్తే వ్యాపించిన ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని నిరూపించాడు. అందుకు 1966లో నోబెల్ అందుకున్నాడు. టెస్టోస్టెరాన్ ఇస్తే ఆ క్యాన్సర్ విజృంభిస్తుందన్న మాట మాత్రం అతి కొద్దిమంది రోగుల ఫలితాల మీద నిలిచినా, అర్ధ శతాబ్దానికి పైగా వైద్య విద్యార్థులకు తిరుగులేని సూత్రంగా బోధించారు.

రక్తంలో సూక్ష్మ పరిమాణాలను కొలిచే రేడియో ఇమ్యూనో ఎస్సే అనే పద్ధతి 1970ల నాటికి టెస్టోస్టెరాన్‌కూ అందుబాటులోకి వచ్చింది. దానితో కొలత సమస్య తీరాల్సింది, కానీ తీరలేదు. 2000లో అమెరికా మార్కెట్‌లోకి చర్మానికి రాసుకునే జెల్ వచ్చింది. ఇంజెక్షన్ భయం పోయి ప్రచారం హోరెత్తడంతో, 2001లో 40 ఏళ్లు దాటిన పురుషుల్లో 0.81 శాతంగా ఉన్న వాడకం 2011 నాటికి 2.91 శాతానికి చేరింది. చికిత్స మొదలుపెట్టిన వారిలో సుమారు నాలుగో వంతు మందికి అంతకు ముందు ఏడాదిలో రక్తపరీక్షే జరగలేదు. పరీక్ష లేక బ్రౌన్-సెకార్ చేసిన పొరపాటును పరీక్ష ఉండి చేయడం క్షమించరానిది.

ఇటీవలి పరిశోధనలు ఎక్కువగా హెల్లర్, మయర్స్ వైపే మొగ్గాయి. 40 నుంచి 79 ఏళ్ల 3,369 మంది ఐరోపా పురుషులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, లక్షణాలూ తక్కువ హార్మోన్ రెండూ కలిసి ఉన్నవారు 2.1 శాతమే, ఊబకాయం ఉన్నవారిలో ఈ లోపం ఎక్కువ. అమెరికాలో 65 ఏళ్లు దాటిన 790 మందిపై జరిగి 2016లో వెలువడిన పరీక్షల్లో లైంగిక జీవనం ఒక మోస్తరుగా మెరుగుపడింది గాని, చురుకుదనంలో ఆశించిన లాభం కనిపించలేదు. గుండెజబ్బు ఉన్న లేదా దాని ముప్పు ఎక్కువగా ఉన్న 5,246 మందితో సాగి 2023లో ముగిసిన ట్రావర్స్ అధ్యయనం, గుండెపోటు, పక్షవాతం వంటి ప్రధాన ముప్పులు ఉత్తుత్తి మందు వాడిన వారి కంటే పెరగలేదని తేల్చింది; కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం వంటివి చికిత్స పొందిన వారిలో ఎక్కువగా కనిపించాయి.

నేటి వైద్య మార్గదర్శకాలు లక్షణాలతో పాటు వేర్వేరు రోజుల్లో ఉదయం పూట తీసిన రెండు రక్తపరీక్షల్లోనూ టెస్టోస్టెరాన్ తక్కువగా ఉంటేనే చికిత్సకు ఒప్పుకుంటాయి. అమెరికా మూత్రకోశ వైద్యుల సంఘం ఆ హద్దును డెసిలీటరుకు 300 నానోగ్రాములుగా పెట్టింది. లోపం వృషణాలదో పీయూష గ్రంథిదో తేల్చే పరీక్ష ఆ తర్వాత జరగాలి. బయటి నుంచి హార్మోన్ అందగానే పీయూష గ్రంథి తన ప్రేరణను ఆపేస్తుంది కనుక శుక్రకణాల తయారీ పడిపోతుంది. అందుచేత పిల్లలు కావాలనుకునే పురుషుడికి టెస్టోస్టెరాన్ ఇవ్వకూడదు, అతనికి వృషణాలనే పని చేయించే ఇతర మందులు ఉన్నాయి. చికిత్స మొదలయ్యాక రక్తం చిక్కబడుతున్నదా, ప్రొస్టేట్‌లో మార్పులు వస్తున్నాయా అని గమనిస్తూ ఉండాలి. బరువు ఎక్కువైనందువల్ల హార్మోన్ తగ్గినవారిలో బరువు తగ్గితే అది కొంతవరకు దానంతట అదే పెరుగుతుంది. ఈ పరీక్షలేవీ చేయకుండా జెల్ గాని ఇంజెక్షన్ గాని రాసిచ్చే చోట, మందు తీసుకునే ముందు ఆ రెండు ఉదయపు పరీక్షలు అడిగి చేయించుకోవడం ప్రతి రోగికీ ఉన్న హక్కు.