హ్యూమ్ దొర పిట్టలు, సుంగై పెటాని మేడలు

మలేషియాలోని కెడా రాష్ట్రంలో సుంగై పెటాని ఒకప్పుడు రబ్బరు తోటల ఊరు. ఇప్పుడు అక్కడ కొన్ని కొట్ల పైఅంతస్తుల్లో కిటికీలుండవు. గోడ నిండా చిన్న చిన్న కన్నాలు, లోపల చిమ్మచీకటి, స్పీకర్లలో ఆగని కిచకిచలు. ఆ కాపురం మనుషులది కాదు, స్విఫ్ట్‌లెట్‌ది. మలయ్ వాళ్లు బురుంగ్ వలిట్ అంటారు. తన లాలాజలంతోనే గూడు కట్టుకుంటుంది. ఆ గూడే చైనా వాళ్ల సూపుకు ముడిసరుకు.

ఆల్బట్రాస్ లాంటి మహాపక్షిని ముక్కు రంగు, రెక్క అడుగు చారలు చూసి ఓడ మీద నుంచే పోల్చేస్తారు. పిడికెడు లేని ఈ గోధుమరంగు పిట్ట మాత్రం ఎంతటివాణ్ణయినా తికమక పెడుతుంది. ఎగురుతుంటే తెల్లగూటి జాతిదో, నల్లగూటి జాతిదో చెప్పడం దాదాపు అసాధ్యం. చేతికి చిక్కితే కాళ్లు చూడాలి: నల్లగూటి పిట్ట కాళ్లకు ఈకలుంటాయి. అన్నిటికంటే నమ్మకమైన సాక్ష్యం గూడు. తెల్లగూటిదాని గూడు తెల్లని లాలాజలం, నల్లగూటిదాని గూటిలో ఈకలు కలిసిపోయి ఉంటాయి.

ఈ నల్లగూటి పిట్టకు 1878లో శాస్త్రీయ నామం పెట్టింది ఎవరో కాదు, కాంగ్రెస్ స్థాపకుడిగా మనం పాఠాల్లో చదివిన ఏ.ఓ.హ్యూమ్. అండమాన్ తెల్లగూటి పిట్టకు అంతకు ముందే, 1873లో, పేరు పెట్టాడు. సిమ్లా బంగళాలో పక్షుల మ్యూజియం, చేతిలో 'స్ట్రే ఫెదర్స్' అనే సొంత పత్రిక. ఏళ్ల తరబడి రాసుకున్న ప్రతులను నౌకరు చిత్తుకాగితాల కింద బజారులో అమ్మేయడంతో ఆయన మనసు విరిగింది. 1885లో, అంటే కాంగ్రెస్ పుట్టిన ఏడాదే, సుమారు 80 వేల నమూనాలను బ్రిటిష్ మ్యూజియంకు ఇచ్చేశాడు. రాజకీయాలకు లాభమేమో గాని, పక్షిశాస్త్రానికి నష్టమే.

అసలు ఈ పిట్టల పుట్టిల్లు సున్నపురాయి గుహలు. టకటకమని శబ్దం చేసి, దాని ప్రతిధ్వనితో చీకట్లో దారి వెతుక్కుంటాయి. బోర్నియో గుహల్లో వీటిని పరిశీలించిన లార్డ్ మెడ్వే 1959లో ఈ సంగతి ప్రచురించాడు. పాడుబడ్డ మేడ కూడా వాటికి గుహే. 1990ల చివర ఆసియా ఆర్థిక సంక్షోభంలో ఖాళీ పడ్డ కొట్లు గూళ్ల వ్యాపారానికి కలిసొచ్చాయి. దగ్గర్లోని పెనాంగ్‌లో జార్జ్‌టౌన్‌కు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చాక, వారసత్వ ప్రాంతంలోని పిట్టల ఇళ్లను ఖాళీ చేయించాలని ప్రభుత్వం పట్టుబట్టింది. 2011లో చైనా దిగుమతులు ఆపేసింది, గూళ్లలో నైట్రైట్ ఎక్కువుందని.

ఇంతకీ మేడల్లోని పిట్టలు ఏ గుహ నుంచి వచ్చాయి? క్రాన్‌బ్రూక్ ప్రభువైన అదే మెడ్వే, వృద్ధాప్యంలో సహచరులతో కలిసి, కొలతలు, జన్యువుల సాయంతో 2013లో మళ్లీ ఈ ప్రశ్నే పట్టుకున్నాడు. జాతి మీదా పేచీయే: కొన్ని జాబితాలు ఇక్కడి తీరపు పిట్టను జెర్మైన్ స్విఫ్ట్‌లెట్ అనే వేరే జాతిగా లెక్కిస్తాయి. మరికొన్ని పాత తెల్లగూటి జాతిలోనే కలిపేస్తాయి. గూళ్ల వ్యాపారికి ఈ పేచీతో పనిలేదు. గూడు తెల్లగా, ఈక లేకుండా ఉంటే చాలు.