పంతొమ్మిది అచ్చుకొట్టిన చెక్కులు

రవ్వంత ఇట్ల జరగండి, పొగ ఆ పక్కకే తిరుగుతాంది. బుడ్డలు అప్పుడే తీయొద్దురా. పైన తొక్క నల్లగైతే సాలదు, లోపల గింజకు సెగ తగలాల. అంతలోపల ఒక ముచ్చట చెప్తా. అబ్బీ, నువ్వు బెంగళూరునుంచి వచ్చినప్పట్నుంచి ఆ ల్యాప్‌టాప్ ముందర మొగం వేలాడేసుకోని కూచున్యావు. నీ పని అప్పజెప్పే కేటీ నీ చేత ఇప్పిస్తాండారని మీ అమ్మ చెప్పె. ఆ మాట నాకు కొత్తది కాదు.

మీకు కంప్యూటర్ అంటే బెంగళూరు. నాకు ముందు గుర్తొచ్చేది ఎర్రజెండా.

నేను బ్యాంకులో గుమాస్తాగా చేరింది 1972లో. ఇందిరమ్మ 1969లో 14 బ్యాంకులను సర్కారు పరం చేసినాక పల్లెల్లో గూడా బ్రాంచీలు తెరుస్తాండ్రి. అంకెలు తప్పు లేకుండా రాసేటోనికి కొలువు దొరికే కాలం అది. అంతా చేతిరాతే. సేవింగ్స్ ఖాతాలకు జూన్‌కొకసారి, డిసెంబర్‌కొకసారి వడ్డీ కట్టాల. ఒక్కో ఖాతా తీయాల, నెలలో పదో తేదీనుంచి ఆఖరు దినం దాకా అన్నిటికన్నా తక్కువ నిలవ ఎంతుండెనో చూడాల, పక్కన రాయాల, ఆరు నెలలవీ కూడాల, అప్పుడు వడ్డీ. దాన్ని ప్రొడక్టులు తీసేది అంటాంటిమి. కడాకు బ్యాలెన్స్ కుదరాల. తేడా వచ్చిందా, ఆ తేడా యాడ దాంకోనుందో దొరికేదాకా ఎవురూ ఇంటికి పోయేది ల్యా. తాడిపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి మూడు పైసల కోసం తెల్లార్లూ కూచుంటిమి. మేనేజరు విసుక్కోని "నా జేబులోంచి ఇస్తా, పోండయ్యా" అన్యాడు. జేబులోంచి వేస్తే లెక్క కుదరదని ఆయనకూ తెలుసు.

అట్లాంటప్పుడు యంత్రం వస్తాందనిరి. కలకత్తాలో ఎల్‌ఐసీ వాళ్లు 1960లలోనే కంప్యూటర్‌ను ఆఫీసులోకి రానీకుండా రాత్రింబగళ్లు కాపలా కాసిన కత మాకు యూనియన్ మీటింగుల్లో చెప్తాండ్రి. 1983 సెప్టెంబర్‌లో బ్యాంకు యూనియన్లకూ యాజమాన్యాలకూ యంత్రాల మీద ఒప్పందం కుదిరె. మరుసటేడు రంగరాజన్ కమిటీ రిపోర్టు వచ్చె, బ్రాంచీల్లో లెడ్జరు రాసే యంత్రాలు పెట్టాలని, పై ఆఫీసుల్లో ఇంకా పెద్దవి పెట్టాలని. అనంతపురం టవర్ క్లాక్ కాడ ధర్నాలో నేనూ కూచుంటి. "కంప్యూటర్ రాకాసి" అని అట్టముక్క మీద రాసింది నేనే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకిచ్చిరి.

నవ్వండి, నవ్వండి. మేమడిగింది వద్దే వద్దని కాదు. ఎన్ని వస్తాయి, యాడ పెడతారు, పెడితే ఎవురి కొలువు పోతుంది, అని అడిగితిమి. ఎవుర్నీ ఇంటికి పంపగూడదని పట్టుబడితిమి, పంపనూ పంపల్యా. కొత్తోళ్లను తీసుకునేది మాత్రం మెల్లగా తగ్గిచ్చిరి. పుట్టని కొలువు కోసం ధర్నా చేసేటోడు ఎవురుంటారు చెప్పు.

ఆ అట్టముక్క రాసిన చేత్తోనే నేను మీ అవ్వ కాసులదండ తీసుకపోయి కుదవ పెడితి. 1997లో. మీ మామకు కంప్యూటర్ నేర్పియ్యనీకి. యూనియన్ వాళ్లు ఎక్కిరిచ్చిరి గానీ నాకు తప్పనిపించల్యా. వాడు సదివింది ఈడే, మన ఇంజనీరింగ్ కాలేజీలో. 1946లో పుట్టిన కాలేజీ అది, జేఎన్‌టీయూ అనే పేరు రాకముందునుంచీ ఉండాది. సివిల్ పాసై కాంట్రాక్టర్ల ఇండ్ల చుట్టూ తిరిగె. ఈ సీమలో సివిల్ ఇంజనీరుకు దొరికే పని నీళ్లు లేని చెరువుకు గట్టు పోసేది. ఆ బిల్లు గూడా మార్చి నెల దాటితే రాదు.

అందుకని హైదరాబాదులో అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా బోర్డులు: కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2. అన్నీ కలిపి మెయిన్‌ఫ్రేమ్స్ అంటాండ్రి. ఒక రూములో ఆరుగురు. కరీంనగర్ వాడు, గుంటూరు వాడు, మన కదిరి వాడు, వంట మాత్రం వంతులవారీగా. వీని వంతు వస్తే రాగిసంగటి చేసి తిట్లు తింటాండె. ఆ కోబాల్ అనేది 1959లో మొదలుపెట్టిన భాష, మీ మామ కన్నా పెద్దది. అంత ముసలిదానికి అప్పుడు గిరాకీ యాలొచ్చెనో తెలుసునా?

నాకు మా బ్యాంకు చెక్కుతోనే తెలిసిపాయ. మా చెక్కుల మీద తేదీ కాడ 19 అని ముందే అచ్చుకొట్టి ఉంటాండె. పక్కన రెండంకెలు రాస్తే సరి. నేను 72 అనో, 85 అనో, 93 అనో రాస్తా వచ్చినోన్నే. అమెరికావాళ్లు కంప్యూటర్లలో చేసిందీ అదే. 1960లలో, 70లలో యంత్రం లోపల జాగా శానా ఖరీదు, అందుకని సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టిరి. 99 పోయి 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది. 98లో ఇచ్చిన అప్పుకు 00లో వడ్డీ కట్టమంటే అది ఏం కడుతుంది? మాకు కొత్త చెక్కుబుక్కులు అచ్చేస్తే తీరిపాయ. వాళ్లు కోట్ల లైన్లు ఒక్కొక్కటీ వెతికి దిద్దాల. రాసినోళ్లలో శానామంది రిటైరై పోయిరి, కొత్త పిల్లోళ్లు ఇంటర్నెట్ మోజులో ఉండ్రి. మూడు పైసల కోసం తెల్లార్లూ కూచునే మనుషులు కావలసొచ్చె.

ఏడాదికి 65,000 ఉండే హెచ్1బీ కొలువు వీసాలను 1999కి 1,15,000 చేసిరి, 2001కి 1,95,000 చేసిరి. వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ ప్రదక్షిణలు చేసేటోళ్లతో గుడి నిండిపాయ. అందరూ విమానం ఎక్కాల్సిన పని గూడా ల్యా. 1985లోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు బెంగళూరులో ఆఫీసు పెట్టి, ఉపగ్రహం మీదుగా పని అమెరికాకు పంపనీకి మొదలుపెట్టిరి. ఆ కాలంలో నేను అనంతపురంనుంచి హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేస్తే భోంచేసి వచ్చినా లైను దొరికేది కాదు. మనిషి మాట పోనీకి దారి ల్యాకపాయ గానీ, పని పోయే దారి మాత్రం అప్పుడే పడిపాయ.

సరే, మీ మామ. 1998 చలికాలంలో కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ అనే ఊర్లో దిగె. ఆ ఊరి నిండా ఇన్సూరెన్స్ కంపెనీలే. ఒక కంపెనీలో వాన్ని ఒక ముసలాయన పక్కన కూచోబెట్టిరి. ఆ ప్రోగ్రాములు రాసింది ఆ ముసలాయనే. ఏ ఫైలు యాడుంటుంది, ఏ లెక్కను యాల అట్ల తిప్పిరి, ఏది ముట్టుకుంటే ఏది కూలుతుంది, అంతా ఆయప్ప తలకాయలో ఉండె, కాగితం మీద ల్యా. అది మీ మామకు అప్పజెప్పాల. దానికే కేటీ అని పేరు. మంచోడంట. మధ్యాన్నం తన డబ్బాలోది తీసి పెడతాండె. వీడు పెద్దమాంసమేమోనని భయపడి తినకపాయ. చెప్పేదంతా అయినాక ఒక శుక్రవారం ఆయప్ప బల్ల మీద ఫోటోలు అట్టపెట్టెలో సర్దుకోని పాయ. సోమవారం ఆ కుర్చీలో మీ మామ.

వాడు ఫోన్‌లో ఈ సంగతి చెప్తే నేనడిగితి. "ఆయప్పకు యూనియన్ ల్యాకపోయెనా?" ల్యాదంట. "పెండ్లాం బిడ్డలు?" ఫోటోలో ఇద్దరు కూతుర్లు ఉండ్రంట. "ఇప్పుడు యాడ పనిచేస్తాండాడు?" వానికి తెలీదు. ఆయప్ప ఇంటిపేరు గూడా సరిగా తెలీదు. వాడు పంపిన డాలర్లతో కాసులదండ విడిపిస్తిమి, వీధంతా లడ్లు పంచితిమి. వాన పడితే మేఘం ఎవురి ఊరి మీదనుంచి వచ్చెనని అడగం గదా, ఆ పొద్దు పనిని గూడా మన జిల్లా అంతా వాన మాదిరే చూసె. లడ్డు తిన్నోళ్లలో ఒక్కడన్నా, ఈ పని నిన్నటిదాకా ఎవురు చేస్తాండ్రి, అని అడిగింది ల్యా. నేనడిగితి, లడ్లు పంచింది గూడా నేనే.

ఆ మీదట లెక్కలన్నీ ఒకేసారి తలకిందులాయ. అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు బోర్లపడె. వీసాల లెక్క 1,95,000కు ఎక్కిన ఏడాదే కొలువులు ఊడె. బెంచి అనే మాట మన పల్లెలకు గూడా తెలిసొచ్చె, అమెరికా సంబంధమని మురిసినోళ్లు పిల్లోడు ప్రాజెక్టులో ఉండాడా, బెంచి మీద ఉండాడా అని అడగనీకి మొదలుపెట్టిరి. అవే ఏండ్లలో ఈడ వరస కరువు. మన జిల్లాకు ఏడాది మొత్తానికి సగటున పడేదే 550 మిల్లీమీటర్లు, అదీ అడిగిన పొద్దుకు పడదు. శెనక్కాయ విత్తిరి, పూత వచ్చె, ఊడ దిగే టయానికి చినుకు ల్యా. చెట్టు పీకితే కింద ఏర్లే. ఎంతమంది రైతులు మందు తాగిరో మీ నాయన్ను అడుగు, నేను చెప్పలేను.

అప్పుడే, 2000-01లో, బ్యాంకులు స్వచ్ఛంద విరమణ, అదే వీఆర్‌ఎస్, అనే పథకం తెచ్చె. దేశం మొత్తమ్మీద లక్షమంది దాకా బయటికొచ్చిరి. నేనూ ఒకన్ని. ఎవుర్నీ పంపగూడదని గదా మేము పట్టుబట్టింది. తనంతట తానే పోయేటోన్ని ఏ ఒప్పందం ఆపుతుంది!

మీ మామ ఎట్లో నిలదొక్కుకున్యాడు, ఆ కత వాడే చెప్పుకుంటాడు. నాకు మాత్రం ఆ ముసలాయన తలకాయలోంచి పోల్యా. శానా ఏండ్లకు, 2015లో, పేపర్లో డిస్నీ సంగతి చదివితి. ఫ్లోరిడాలో ఒర్లాండో కాడ వాళ్ల వినోదాల పార్కులుండాయి గదా, ఆడ 250 మంది దాకా కంప్యూటర్ వాళ్లను తీసేసిరి. పోయేముందర మన దేశంనుంచి వచ్చినోళ్లకు పని నేర్పించి పోవాల. నేర్పిస్తేనే చేతికి దుడ్లు. వాళ్లలో ఒకాయన మరుసటేడు సెనేట్ కమిటీ ముందర కూచోని చెప్తా చెప్తా గొంతు పూడుకుపాయ. హార్ట్‌ఫర్డ్ ముసలాయన ఏమనుకునెనో అప్పుడు నాకు మాటల్లో దొరికె. నేర్చుకునే పిల్లోని మీద గూడా నాకు కోపం రాల్యా. ఆ కుర్చీలో కూచోమని వానికి చెప్పింది ఇంకెవురో. వాని ఇంట్లో గూడా ఒక కాసులదండ కుదవలో ఉండే ఉంటుంది.

మనోళ్ల సంగతి చెప్పల్యా. సత్య నాదెళ్ల నాయన యుగంధర్ గారిది మన బుక్కాపురం, యల్లనూరు పక్క. 2014 ఫిబ్రవరిలో కొడుకు మైక్రోసాఫ్ట్ సీఈఓ అయితే మనోడు మనోడని జిల్లా అంతా చంకలు కొట్టుకుంటిమి. ఆ జూలైలోనే 18,000 మందిని తీసేస్తాండామని ఆయన ప్రకటించె, అందులో శానామంది నోకియానుంచి వచ్చి చేరినోళ్లు. ఆ దినం మనోడు అనే మాట నా చెవిన పడల్యా.

పని మన కాడికి వచ్చి ఆగిపోయింది గూడా కాదు. ఫోన్లెత్తే కొలువులు, అర్ధరాత్రి కొలువులు వచ్చె, వచ్చినంత బిరీన ఫిలిప్పీన్స్‌కు దారిపట్టె. బెంగళూరులో జీతాలు పెరిగితే పుట్టపర్తిలో సాయిసేవ అని పల్లె బీపీఓ ఒకటి పెట్టిరి. ఆడ మన ఆడపిల్లోళ్లు బ్యాంకు కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తాండ్రి. నేను జీతం తీసుకోని చేసిన గుమాస్తా పనే అది. పట్నంనుంచి పల్లెకు దిగె, అంతే తేడా. దిగినందుకు ఆ పిల్లోళ్లకు ఇంట్లో మాట చెల్లుబాటాయ, అది మాత్రం నేను మెచ్చుకుంటా.

ఇప్పుడు నీ వంతు. 2025 జూలైలో టీసీఎస్ వాళ్లు 12,000 మందికి పైగా తీసేస్తామనిరి. సెప్టెంబర్‌లో ట్రంప్ కొత్త హెచ్1బీకి లక్ష డాలర్లు కట్టమనె. కాసులదండలు కుదవబెట్టే కాలం పాయ, ఆ లక్షకు మన ఊర్లో భూములన్నీ కుదవబెట్టాల. నీకు ఆ వీసాతో పని ల్యా, నీది బెంగళూరు కొలువే. అయినా నీ పని అడుగడుగూ రాసిపెట్టమన్యారంట. నిన్న నేనడిగితి, నేర్చుకునేటోడు ఎవురురా, వియత్నాం వాడా, పోలెండ్ వాడా అని. "మనిషి కాదు తాతా" అంటివి. హార్ట్‌ఫర్డ్ ముసలాయనకు డబ్బాలోది పెట్టనీకి పక్కన ఒక పిల్లోడన్నా ఉండె.

సరే, ఇంగ విను. ఎల్లుండి పోతావు గదా, హెచ్‌ఆర్ వాళ్లు మీటింగుకు పిలిచి, మంచిమాటలు చెప్పి, రాజీనామా రాయమంటారు. రాయొద్దు. రాస్తే నీ అంతట నువ్వు పోయినట్లు, నా వీఆర్‌ఎస్ మాదిరే. తీసేస్తాండామని వాళ్లనే కాగితం ఇమ్మను. అడిగేది నోటితో కాదు, మెయిల్‌లో అడుగు. గ్రాట్యుటీకి ఐదేండ్లు నిండాల, నీకు ఇంకా ఎన్ని నెలలు తక్కువుందో లెక్కజూసుకో, ఏడాదికి 15 దినాల జీతం వస్తుంది. ఆ నెలలకు ముందే వాళ్లు నిన్ను తోసేస్తాండారేమో అదీ చూడు. పీఎఫ్ చీటీలు దాపెట్టుకో. కర్ణాటకలో ఐటీ వాళ్లకు యూనియన్ ఉండాది, కిటు అంటారు, 2017లో పెట్టిరి. ఆఫీసు యాడుందో కనుక్కో. సాఫ్ట్‌వేరోళ్లకు యూనియన్ ఏందని మీ ఫ్రెండ్స్ నవ్వుతారు, నవ్వనీ. చందా ఎంతో అడుగు. మొదటేడుది నేను కడతా.