బొగ్గు కన్న యూరియా కల

జైపూర్ మండలం పెగడపల్లిలో సింగరేణి బొగ్గు 1200 మెగావాట్ల కరెంటు అవుతోంది. అదే బొగ్గు ఒకప్పుడు యూరియా అయి పొలాల్లో పడాలనుకున్నారు. ఆ ఆశ గోదావరికి అవతలి ఒడ్డున రామగుండంలో పుట్టి, అక్కడే కన్నుమూసింది.

కాగితం మీద ఆ ప్రతిపాదనకు వంక పెట్టలేం. యూరియా తయారీకి వాడే నాఫ్తా కోసం విదేశాల వైపు చూడక్కర్లేదు. కాళ్ల కింద బొగ్గు, పక్కనే గోదావరి నీళ్లు, చుట్టూ ఎరువు కోసం ఎదురుచూసే రైతులు. లక్ష్యం రోజుకు 1500 టన్నుల యూరియా. ఒడిశాలోని తాల్చేర్‌లోనూ ఇలాంటి కర్మాగారమే కట్టారు.

బొగ్గును మెత్తగా పొడిచేసి, ఆక్సిజన్, ఆవిరితో కలిపి మండించి వాయువు తీయాలి. అందులోంచి వచ్చే హైడ్రోజన్, గాలిలోని నైట్రోజన్ కలిస్తే అమ్మోనియా. దానికి బొగ్గుపులుసు వాయువు తోడైతే యూరియా. చెప్పడానికి తేలికే. కానీ మన బొగ్గులో బూడిద పాలెక్కువ. కొలిమి వేడిలో, ఆక్సిజన్‌లో కొంత ఆ బూడిదను కరిగించడానికే పోయేది. దానికి తోడు కరెంటు నిలకడ లేదు. ఒక్కసారి అది తడబడితే ఒకదానికొకటి ముడిపడిన యంత్రాలన్నీ ఆగేవి, మళ్లీ దారిలో పడటానికి ఎంతో సమయం పట్టేది.

1980లో ఉత్పత్తి మొదలైంది కానీ అనుకున్న సామర్థ్యం ఏనాడూ అందలేదు. ఏటికేడు నష్టాలు పేరుకుని 1992లో ఈ కర్మాగారాన్ని నడిపే భారత ఎరువుల సంస్థ ఎఫ్‌సీఐ ఖాయిలా సంస్థల జాబితాకెక్కింది. 1999 మార్చి 31న రామగుండం యంత్రాలు ఆగిపోయాయి. సైరన్ చప్పుడుతో వేళలు లెక్కపెట్టుకున్న కాలనీలో క్వార్టర్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడ్డాయి. యూరియా బస్తా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడే కష్టం మాత్రం రైతుకు తప్పలేదు.

2016 ఆగస్టు 7న గజ్వేల్ సభలో ప్రధాని జైపూర్ విద్యుత్ కేంద్రాన్ని జాతికి అంకితం చేశారు. అదే వేదిక మీద రామగుండం ఎరువుల కర్మాగార పునరుద్ధరణకు శంకుస్థాపన కూడా జరిగింది. 2021లో అక్కడ మళ్లీ యూరియా తయారైంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో. అయితే ఈసారి ముడిసరుకు బొగ్గు కాదు, గొట్టాల్లో వచ్చే సహజవాయువు.

తాల్చేర్‌లో కొత్తగా తలపెట్టిన బొగ్గు ప్రాజెక్టులో బూడిద బాధ తగ్గించడానికి చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్ కలపాలని ముందే రాసుకున్నారు. రామగుండం పాత ప్రతిపాదన తడబడింది ఈ బూడిద లెక్క దగ్గరే. అందుకే నేల గురించో నీటి గురించో బొగ్గు గురించో ప్రాజెక్టు రాసే యువ పరిశోధకులారా, వనరు ఎంత ఉందో చెప్పి ఊరుకోకండి. దాని గుణమేమిటో చిన్న మోతాదులో పరీక్షించి, ఆ ఫలితాన్ని మొదటి పేజీలోనే పెట్టండి.